నీలం అద్దం

ఉక్కు ఫర్నేసు డ్యూటీ దిగొచ్చిన తండ్రి గోల్‌మురిలోని కంపెనీ క్వార్టరు ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా, బొంబాయి నుంచి పిలుపొచ్చింది. సినిమా కెమెరామేన్ దగ్గర అసిస్టెంటుగా."

"మరి కంపెనీ ఉద్యోగం ఏటవుతాది? నా కొడుకువని ఇత్తామన్నారు గదా!"

"నాకొద్దు నాన్నా."

"అక్కడ కెమెరా మోత్తావేటి?"

"ముందు మొయ్యాలి. తర్వాత వెలుగెంత కావాలో చూసి చెప్పాలి."

"ఉత్త కంటితోనా?"

"నల్లద్దంలోంచి చూస్తారు. నాకింకా లేదు."

తండ్రి నవ్వాడు. కరిగిన ఉక్కు రంగు చూసి 'అయింది' అని చెప్పడమే ఇన్నేళ్లుగా అతని పని. ఆ మంటలోకి చూడ్డానికి టోపీకున్న నీలం అద్దం ఊడదీసి ఇచ్చాడు.

"ఇది పనికొత్తాదేటి?"

"దీంట్లోంచి చూస్తే అన్నీ నీలంగా కనిపిస్తాయి నాన్నా!"

"అయినా ఉంచుకో. మీ అమ్మకి నేను సెప్తాన్లే, ఆడూ నా పనిలోకే ఎల్తన్నాడని."