తౌడమ్మ ఎవరి కూతురు

సన్నెమ్మకి ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారంట. మూడోది ఆడపిల్ల. అప్పట్లో బిడ్డలు దక్కకపోతే ఏం చేసేవారంటే, పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పక్కింటామెకి గుప్పెడు తౌడుకి అమ్మేసేవారు. కొన్నామె "ఇది నా బిడ్డ, నువ్వు పెంచిపెట్టు" అని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. చావు వచ్చి సన్నెమ్మ బిడ్డేదని వెతికితే, ఆ ఇంట్లో ఉండేది పక్కింటి గురమ్మ బిడ్డ. చావుకి మన కరణంగారి పాటి తెలివి కూడా లేదనుకో. సరే, గురమ్మ తౌడిచ్చి చేట అందుకుంది. ఏమైందంటే, ఆమెకి పిల్లల్లేరు. బిడ్డ ఆమె వేలు గట్టిగా పట్టుకుందంట. "ఇది నా బిడ్డ" అంది గురమ్మ. రెండో ముక్క అనలేదు. చేటతో సహా ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

సన్నెమ్మ పచ్చి బాలింత, అలాగే ఊరిపెద్ద లక్షుంనాయుడి దగ్గరికి పరిగెత్తింది. నవ్వకు అప్పలసూరీ, మీ ముత్తాతే. బిడ్డ ఎవరిదే అని అడిగాడంట ఆయన. ఆమె ఎలా చెబుతుంది? నాదంటే చావు వింటుంది. "గురమ్మదే బాబూ" అంది. "మరింకేం, ఇంటికి పో" అన్నాడు. అంత తీర్పు చెప్పి అలిసిపోయి పడుకున్నాడంట.

గురమ్మ ఆవుపాలు పట్టింది, బిడ్డ కక్కేసింది. గోడకి ఇవతల సన్నెమ్మ రవిక పాలతో తడిసిపోతోంది. తెల్లారేసరికి బిడ్డ ఒళ్ళు కాలిపోతోందంట. అప్పుడు గురమ్మకి గుర్తొచ్చింది, నా బిడ్డ అని వీధంతా వినేలా అన్నది తనే కదా, చావూ వినే ఉంటుంది. చేట ఎత్తుకుని సన్నెమ్మ వాకిట్లోకొచ్చి "ఇది నాది కాదే, నీదే!" అని అరిచింది. "నాదేంటి వదినా, నేను అమ్ముకున్నాను. నీదే." "కాదంటుంటే! నీదే!" "ఛీ, ఎవరి పిల్లో నాకేం తెలుసు" అంటూనే సన్నెమ్మ పిల్లని లాక్కుని పాలిచ్చేస్తోందంట. "నాకూ తెలీదు" అంటూ గురమ్మ కొంగుతో విసురుతోందంట. వీధిలోవాళ్ళు పనులు మానేసి నిలబడ్డారు. మనవాళ్ళే కదా.

జ్వరం తగ్గింది. తౌడుకి అమ్మిన పిల్లకి తౌడమ్మ అని పేరు పెట్టారు. రెండు వాకిళ్ళలోనూ పెరిగింది. నేనెవరి కూతుర్నని అడిగితే ఒకామె రెండో ఆమెని చూపించేదంట. పెళ్ళై బండెక్కినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కసారే "నా తల్లీ" అని గొల్లుమన్నారు. ఇంక భయమేముంది, అప్పటికి ఆమె అత్తగారి సొత్తు, చావు వెతుక్కోవాలంటే అటే పోవాలి. ఆ అత్తగారు నోరున్న మనిషంట. చావు చాలా ఏళ్ళు ఆ వీధి మొహమే చూడలేదు.