సింహాద్రి కుడిచెయ్యి

మందులిచ్చే 104 బండి పంచాయతీ ఆఫీసు ముందు ఆగి గంటయింది. బీపీ ఉన్నోళ్ళంతా మందుల పుస్తకాలు పట్టుకుని లైన్లో నిలబడితే, మా సత్తియ్య మాత్రం మరిడమ్మ టీ బడ్డీ దగ్గర కూర్చుని పుస్తకం మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు. పోయిన నెల వాడికి నూట ఎనభై ఉందని, రోజూ మాత్ర వేసుకోవాలని చెప్పేరు. వెయ్యాలా మానాలా అని వాడి బాధ. బండి పన్నెండింటికి వెళ్ళిపోతుంది.

అలాంటివాడికి సలహా చెప్పడానికి బెల్లం వండే సింహాద్రి ఉండనే ఉన్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని, ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని మొదలెట్టేడు.

"మాత్రలేటిరా మాత్రలు! నిరుడు ఏసంగిలో తల కాస్త తిరిగితే, సరే సూద్దారని అనకాపల్లి డాక్టరు కాడికెల్లేను. పట్టీ సుట్టి నూట తొంభై అన్నాడు. బాబూ, అది నా పరగడుపు బీపీ, టీ తాగింతర్వాత సూడండి అన్నాను."

"తాగేవేటి మావా?" అన్నాడు ఆటో నానాజీ.

"రెండు తాగేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? రెండొందలు, మూడొందలు, నాలుగొందలు... మిషన్లో అంకెలైపోయేయి! పట్టీ ఫట్‌మని పేలి, ఎల్లి ఫ్యానుకి సుట్టుకుంది. డాక్టరుకి సెమట్లట్టేసేయి. ఆయన బీపీ నానే సూసేను."

"ఎంతుందేటి?" గ్లాసులు కడుగుతూ అడిగింది మరిడమ్మ.

"నూట అరవై. బయపడిపోయేడు పాపం. రోజుకో బిళ్ళ ఏసుకోండి బాబూ అని నానే రాసిచ్చేను. ఆయనేమో నాకు సంచీడు మందులిచ్చి, బాగున్నా మానకూడదన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్ళు బెల్లం వండేను. పెనంలో పాకం పొంగితే రెండు సుక్కలు నూనె ఏత్తాం, దిగిపోద్ది. పొంగకముందే ఎవడైనా ఏత్తాడేటి? బీపీ కూడా అంతే గదా. పొంగిన్నాడు సూద్దారని సంచీ అటకెక్కించీసేను."

సత్తియ్య పుస్తకానికి ఇంకో మడత పెట్టేడు. "నిజమే బావా. నాకూ తల తిరగట్నేదు."

"అదీ! ఇంక సూడు. మాగమాసంలో గానుగ కాడ నిలబడితే పొంగింది మరి. సెవుల్లోంచి ఆవిర్లు! పొయ్యి ఆరిపోయిందంటే నానెల్లి పెనానికి ఆనుకుని నిలబడ్డాను, ఆరు దిమ్మలు బెల్లం దిగింది. నా నాడి సప్పుడు రైలు పట్టాల్లో ఇనబడి, ఎదురుగా ఇంకో రైలొత్తందనుకుని డ్రైవరు అనకాపల్లి టేసన్లోనే ఆపీసేడు. నాకు కోపమొచ్చింది. ఓసి బీపీ, జనం ఇబ్బందిపడతన్నారు, దిగు అన్నాను. తలలోంచి మెడలోకి, మెడలోంచి బుజంలోకి, బుజంలోంచి ఈ కుడిసేతిలోకి దిగింది. గుప్పిట మూసేసేను. తువ్వాలు తీత్తే మీకే పెమాదం."

అందరం నవ్వేం. సత్తియ్య నవ్వలేదు. పుస్తకం జేబులో పెట్టేసుకున్నాడు.

మరిడమ్మ అది చూసింది. ఇంకో టీ పోసి సింహాద్రి ముందుకు చాపింది. "అన్నయ్యా, ఇది ఆ సేత్తో అందుకో. పేలితే గ్లాసు నాదే గదా."

"ఎడం సెయ్యి ఉంది గదేటి?"

"ఆ సేత్తోనే."

తువ్వాలు కదల్లేదు.

"పెనం కాడ పడిపోయిన్నాడు నానాజీ ఆటోలో నీ తల నా ఒళ్ళోనే ఉంది," అంది మరిడమ్మ. "మూతి వంకరపోయింది, మాట నేదు. నాలుగు నెలలు అప్పలనర్సమ్మ వదిన అన్నం కలిపి పెట్టింది. పొంగిన్నాడు నూనేత్తానన్నావు, ఏసే సెయ్యే పడిపోయింది గదా! నీ కోతలు నువ్వు కోసుకో అన్నయ్యా, మాకూ పొద్దుపోవాల. కానీ ఈ సత్తియ్య సిన్నకూతురికి ఇంకా నాలుగేళ్ళే."

బండి హారన్ కొట్టింది. సత్తియ్య గభాల్న లేచేడు.

"ఒరే, ఆగు," అన్నాడు సింహాద్రి, తల ఎత్తకుండా. "నా జేబులో పుస్తకం తీసుకెల్లు. గుండీ నాకు రాదు."

సత్తియ్య గుండీ విప్పి పుస్తకం తీసేడు. మాఘమాసం నుంచి ఒక్క నెలా ఖాళీ లేదు. మాత్రలిచ్చినట్టు వరసగా ముద్రలున్నాయి. వాడు తన పుస్తకం మడతలు సాపు చేసుకుని, రెండూ పట్టుకుని బండి వైపు పరిగెత్తేడు.

వెనకనుంచి సింహాద్రి గొంతు లేచింది.

"నాది పైనెట్రోయ్! నీకంటే నాది పెద్ద బీపీ!"