జామీను ఓబులప్ప చెప్పుల శాస్త్రం

మదనపల్లె కోర్టు ఎదురుగా తాజుద్దీన్ టీ అంగట్లో చెప్పులు విడిచి, బల్ల మీద మఠం వేసుకుని ఓబులప్ప కథ మొదలుపెట్టాడంటే ఇక ఆ పొద్దుకు అందరి టీలూ చల్లారినట్టే. ఆ రోజు మాత్రం ఆయన పెళ్లాం రెడ్డెమ్మకు నవ్వు రావడంలేదు, భయంగా ఉంది. లైసెన్సు లేని పేలుడుమందు పెట్టి కొండను పేల్చిన క్వారీ ఆసామి ప్రతాప్‌కు బెయిలు ఇస్తానంది జడ్జమ్మ. అంత డబ్బున్నోడు రేపు దేశం దాటిపోతే ఎట్లా అని, ఊళ్లో పొలమున్న మనిషిని జామీనుగా తెమ్మంది. ప్రతాప్ మనుషులు "పెద్దాయనా" అని ఒక్క మాట అనేసరికి ఓబులప్ప ఉబ్బిపోయి "నేనుండాను కదప్పా" అనేశాడు. ప్రతాప్ పారిపోతే పోయేది నిమ్మనపల్లెలో బోరు కింద ఉన్న చేను. వాళ్లకున్నదే అది.

"వద్దప్పా, ఇంటికి పోదాం రా," అంది రెడ్డెమ్మ.

"నీకేం తెలుసే? ఎవడు పారిపోతాడో, ఎవడు నిలబడతాడో నాకు తెలిసినట్టు ఆ జడ్జమ్మకే తెలీదు. తాజుద్దీనూ, పుంగనూరు షావుకారు గోవిందస్వామి సంగతి నీకు చెప్పినానా?"

"చెప్పినావన్నా. పోయినసారి ఆయప్ప పేరు వేరే."

"పేరుదేముంది లేప్పా, ఇను. పుంగనూరు కోర్టు వరండాలో ఊరికే కూర్చోనుండా. షావుకారు వాకిట్లో చెప్పులు విడిసి లోపలికి పోయినాడు. సూసినా. ముక్కులు రోడ్డు పక్కకు తిరిగుండాయి! పారిపోయేటోడు ముందే చెప్పులు తిప్పి పెట్టుకుంటాడప్పా, మంద ఇడిసే గొర్రె ముందు చెవి తిప్పినట్టు. వకీలు చెవిలో మెల్లగా ఏసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జడ్జి లేసి నిలబడినాడు! 'ఓబులప్పగారూ, పైకి రాండి' అని కుర్చీ తుడిసి నన్ను కూర్చోబెట్టినాడు."

"మరి జడ్జి యాడ కూర్చున్నాడు?"

"స్టూలు మీద. నడుమ అడగొద్దు, కథ తెగిపోతాది. నేను వద్దన్నా బెయిలు ఇచ్చేసినారు. షావుకారు కారెక్కి కుప్పం పక్కకు ఒకటే పరుగు. ఆడ దాటితే ఇటు కర్ణాటక, అటు తమిళనాడు, యాడ దూరతాడో ఆ దేవుడికే తెలీదు. పోలీసోళ్లు బార్డర్ కాడ నిలబడిపోయినారు. నేను నిలబడతానా? ఒక కాలు కర్ణాటకలో పెట్టినా, ఒక కాలు తమిళనాడులో పెట్టినా, నడుం మాత్రం ఆంధ్రాలోనే ఉంచినా. మన రాష్ట్రం కదప్పా!"

"యా అల్లా! పంచె చినగలేదా అన్నా?"

"చినిగింది. ఆ సంగతి ఇప్పుడు యాల? అంతలో షావుకారు కోసం హెలికాప్టర్ దిగింది. ఎక్కినాడు. లేసింది. నా భుజం మీద గొర్రెలు కట్టే తాడుండాది, ఇసిరినా! పోయి చక్రానికి పడింది. కొస నడుముకు సుట్టుకుని ఈడిస్తే హెలికాప్టర్ గుయ్యోమని ఏడుస్తా దిగొచ్చింది. ఆ రెక్కల గాలికి కళ్లాల్లో శెనక్కాయలన్నీ వాటంతటవే తూర్పారబట్టుకున్నాయి. ఆ ఏడు కుప్పంలో ఎవరూ చాట పట్టలేదంటే నమ్ము. ఆ పొద్దే ఢిల్లీ పెద్దకోర్టు నుంచి ఫోను! 'ఓబులప్పా, ఇంకమీదట దేశంలో ఎవరికి బెయిలియ్యాలన్నా నిన్నడిగే ఇస్తాం' అని."

అంగడంతా గొల్లున నవ్వింది. రెడ్డెమ్మ చూపు మాత్రం కోర్టు గేటు మీదే ఉంది.

"ఏమప్పా, చెప్పులు సరే. కారుల్లో వచ్చేటోళ్ల సంగతి ఎట్ల?" అని మొగుణ్ణి అడిగింది.

"కారుకైనా అదే శాస్త్రమే. ముక్కు సూడాల."

"అయితే అదో, సూడు."

గేటు పక్కన ప్రతాప్ కారు బెంగుళూరు రోడ్డు వైపు ముక్కు తిప్పుకుని ఉంది. ఇంజను ఆపలేదు. వెనక సీటు నిండా పెట్టెలు. ఓబులప్ప నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

"తాడు తెచ్చినావా?" అంది రెడ్డెమ్మ.

"ఏం తాడే?"

"హెలికాప్టర్‌ను ఈడ్చిన తాడు. రేపు ఈయప్పను పట్టుకురావాలంటే కావాల కదా. ఇంట్లో గొర్రెపిల్లను కట్టేదానికి తాడు లేక నా పాత చీర చించి కట్టినా నేను! చేను పోతే మనం ఏం తిని బతకాలప్పా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడే వకీలు గుమాస్తా సాయి వరండాలోకొచ్చి కేకేశాడు. "జామీను ఓబులప్ప ఎవరప్పా? లోపలికి రాండి, సంతకం పెట్టాల!"

ఓబులప్ప ఉలిక్కిపడి బల్ల కిందికి వంగాడు. చెప్పులు రెండూ ముక్కులు బస్టాండు వైపు తిప్పుకుని ఉన్నాయి.

"నేను తాకలేదప్పా. వచ్చినప్పుడు నువ్వు పెట్టినట్టే ఉండాయి," అంది రెడ్డెమ్మ.

అరిచీ అరిచీ సాయి రోడ్డు దాటి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. మొగుడూ పెళ్లాల టీ గ్లాసుల్లో సగం సగం టీ మిగిలింది.

"తాజుద్దీనన్నా, మా జామీను ఏడి?"

"పారిపోయినాడప్పా," అన్నాడు తాజుద్దీన్ టీ వడగడతా. "పొద్దున్నే వచ్చి చెప్పులు సూసుంటే మీకే తెలిసుండేది."