కలెర్వో తిన్న కిలో పిప్పరమెంట్లు

పెట్రోలు బంకు పక్కనున్న ఆయిలి కాఫీ హోటల్లో, పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ దగ్గర బల్ల కలెర్వోది. ముప్ఫై ఏళ్ళు కలప లారీ నడిపి దిగినవాడు, ఇప్పుడు నోరు నడుపుతున్నాడు. అతని ఎదురుగా తమ్ముడు రేయినో కూర్చుంటాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ వేళ మూడో కుర్చీలో మెర్వి ఉంది. ఆ దారిలో బస్సు నడపడానికి కొత్తగా వచ్చిన మనిషి, నలభై ఏళ్ళుంటాయి. కాఫీలో చక్కెర వద్దని చెప్పి, సంచీలోంచి చిన్న డబ్బా తీసి రెండు పిప్పరమెంట్లు నోట్లో వేసుకుంది.

కలెర్వో కళ్ళు మెరిశాయి.

"అమ్మాయ్, అవి చక్కెర లేనివేనా? జైలిటాల్‌వి? రోజుకి ఎన్ని తింటావు?"

"లెక్కపెట్టలేదండీ. బస్సు నడుపుతుంటే కునుకు రాకుండా వేసుకుంటూ ఉంటాను. ఏం?"

"ఏం లేదు. వాటి సంగతి నన్నడుగు. ఈ దేశంలో వాటిని నాకంటే ఎక్కువ తిన్న మగాడు లేడు. నిరుడు ఫిబ్రవరిలో నర్సు నా వేలు గుచ్చి చూసి, కలెర్వో, నీ రక్తం జామ్‌లా రొట్టె మీద రాసుకునేలా ఉంది, చక్కెర మానెయ్ అంది. ఇంకొకడైతే రోజుకో చెంచా తగ్గిస్తాడు. నేనా, ఆ పూటే మానేశాను. కాఫీలో చక్కెర, యాలకుల బన్ను, జామ్, అన్నీ ఒక్క దెబ్బకి. ఇంట్లో ఉన్న చక్కెరంతా ఎత్తుకెళ్ళి కాళ్ళు జారకుండా వాకిట్లో మంచు మీద చల్లేశాను."

"అందుకేనా పక్కింటి కుక్క వారం రోజులు నీ గుమ్మం నాకుతూ కూర్చుంది," అంది ఆయిలి కప్పు తుడుస్తూ.

"చూశావా, సాక్షి కూడా ఉంది. సరే, చక్కెర మానేస్తే నోరు ఊరుకోదు కదా. పొరుగూరు దుకాణానికి వెళ్ళి చక్కెర లేనివి ఏమేమున్నాయో అన్నీ తెచ్చాను. సార్బిటాల్ వేసిన జామ్, మాల్టిటాల్ వేసిన చాక్లెట్టు, జైలిటాల్ పిప్పరమెంట్లు ఒక కిలో డబ్బా. ఆ పిప్పరమెంట్లు పళ్ళకి మంచివని బడిపిల్లలకి కూడా ఇస్తారు, వాటిలో ఏముంటుందిలే అనుకున్నాను. పైగా అది బిర్చి చెట్టు నుంచి తీసిన తీపి. ముప్ఫై ఏళ్ళు నా లారీలో మోసిన చెట్టు. నన్నేం చేస్తుంది?"

"ఏం చేసింది?" అంది మెర్వి.

"అక్కడికే వస్తున్నా. మార్చి మొదటి ఆదివారం గడ్డకట్టిన సరస్సు మీద గాలాల పోటీ. మంచులో కన్నం తొలుచుకుని స్టూలేసుకుని కూర్చున్నాను, ఒళ్ళో డబ్బా. చేప పడే దాకా తోచాలి కదా, ఒకటి, రెండు, పది, అలా తింటూనే ఉన్నాను. మామూలు మనిషి ముప్ఫై తింటే దొడ్డికి పరిగెడతాడు. నేను మధ్యాహ్నానికి డబ్బా అడుగు చూశాను. కిలో, అమ్మాయ్. అప్పుడు మొదలైంది. మొదట కడుపులో చిన్న గుడగుడ. తర్వాత పెద్దది. ఆ తర్వాత నా స్టూలు వణికింది, స్టూలు కింద మంచు వణికింది, మంచు కింద నీళ్ళు వణికాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"చేపలకి అది వేసవి ఉరుములా వినిపించింది. చలికాలం అయిపోయింది కాబోలనుకుని, సరస్సులో ఉన్న చారల చేపలన్నీ నా కన్నం దగ్గరికి వరస కట్టాయి. గాలం అక్కర్లేదు, ఒక్కొక్కటీ తోసుకుంటూ పైకి వస్తోంది. నలభై కిలోలు. పోటీలో రెండో బహుమతి వచ్చినవాడికి ఎన్నో తెలుసా? మూడు చేపలు."

రేయినో కాఫీ తాగాడు.

మెర్వి తన డబ్బా మూత పెట్టి చేతిలోనే ఉంచుకుంది. "నాకూ మూడు నెలలుగా కడుపు ఉబ్బరమండీ," అంది నెమ్మదిగా. "బస్సు మధ్యలో ఆపి పరిగెత్తిన రోజులున్నాయి. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మీకు భయం వెయ్యలేదా, లోపల ఏదైనా పెద్ద జబ్బేమోనని?"

కలెర్వో కప్పులో చెంచా తిప్పాడు, అందులో కలపడానికి ఏమీ లేకపోయినా.

"భయమా? అదెలా ఉంటుందో నాకు తెలీదు. నేను లారీ తలకిందులైనప్పుడు అందులో కూర్చుని రొట్టె తిన్నవాణ్ణి. విను ముందు. ఆ ఉరుములన్నీ లోపలే తిరుగుతూ తిరుగుతూ గాలైపోయాయి. నేను వేసుకున్నది మంచులో వేసుకునే నిండు సూటు, మెడ దగ్గరా చీలమండల దగ్గరా బిగుతు. గాలి ఎటు పోతుంది? సూటు ఉబ్బింది. ఇంత. ఇంకా ఇంత. ఆయిలీ, ఆ తలుపంత. అప్పుడే ఉత్తరం నుంచి గాలి వచ్చింది. నేను స్టూలుతో సహా కదిలాను. మంచు మీద జర్రున జారుకుంటూ, పోటీకి వచ్చిన వాళ్ళందరి మధ్యలోంచి, అందరూ టోపీలు తీసి చూస్తున్నారు. ఒడ్డున పోలీసులు వేగం కొలిచే యంత్రంతో ఉన్నారు. నూట నలభై."

"సరస్సు మీద పోలీసులేం చేస్తున్నారు?" అంది ఆయిలి.

"చేపలు కొనుక్కోవడానికి వచ్చారు. వాళ్ళు ఈల ఊదే లోపల నేను లేచాను. అవును, పైకే. ముందు స్టూలంత ఎత్తు, తర్వాత చెట్లంత, ఆ తర్వాత చర్చి గంట నా మోకాళ్ళ దగ్గర కనిపించింది. గంట కొట్టే ముసలాయన కిటికీలోంచి, కలెర్వో, ఎక్కడికి అని అడిగాడు. దొడ్డికి అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, గాల్లో ఉన్నా నాకు కావలసింది అదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానాశ్రయం వాళ్ళు రెండు విమానాలు ఆపేశారు. ఉత్తరం వైపు నుంచి గుర్తు తెలియనిదేదో ఉరుముతూ వస్తోందని."

మెర్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బస్సుకి ఇంకా పావుగంట ఉంది.

"సరస్సు నడుమ ఒక దీవి ఉంది, దాని మీద వేసవి గుడిసె, గుడిసె వెనక చెక్క మరుగుదొడ్డి. పైనుంచి చూశాను, తలుపు తెరిచే ఉంది. సూటు జిప్పు రెండు వేళ్ళంత దించాను, కొంచెం గాలి వదిలాను, ఎడమకి తిరిగాను, ఇంకొంచెం వదిలాను. ముప్ఫై ఏళ్ళు లారీని వెనక్కి నడిపి నడిపి అలవాటు. సరిగ్గా గుమ్మంలో దిగాను. ఆపైన జరిగింది ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఏటా మే నెలలో కరిగే మంచు ఆ సాయంత్రానికి కరిగింది. నాలుగు గంటలకి పడవలు తిరిగాయి. యూనివర్సిటీ నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి నా కడుపుకి మైకు పెట్టారు. వాళ్ళ కోసం నేను ఇంట్లో ఏడు రకాల తీపి తిని చూశాను, గడియారం పెట్టుకుని. సార్బిటాల్ జామ్ అరగంట. మాల్టిటాల్ చాక్లెట్టు నలభై నిమిషాలు, అదీ బూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉంటేనే. స్టీవియా చుక్కలు రెండు వేస్తే కడుపు పిల్లిలా పడుకుంది. ఓట్స్ జావలో ఎర్ర బెర్రీలు నలిపి వేసుకుంటే ఏ తీపీ అక్కర్లేదు. అది నేను కనిపెట్టిందే. ప్రొఫెసర్లు రాసుకున్నారు కూడా."

"కలెర్వో," అన్నాడు రేయినో.

బల్ల దగ్గర అందరూ అతని వైపు తిరిగారు. రేయినో కప్పు పక్కకి జరిపాడు.

"ఆ ఆదివారం సరస్సు మీద ఎవరూ లేరు. మంచు తుఫాను. పోటీ రద్దు చేశారు." మెర్వి వైపు చూశాడు. "ఇతను ఇక్కడే ఉన్నాడమ్మా, ఈ కుర్చీలోనే. పేపర్లో గళ్ళ నుడికట్టు పూరిస్తూ పిప్పరమెంట్లు తిన్నాడు. కిలో కాదు, చిన్న పొట్లం. తర్వాత ఆ తలుపు వెనక్కి వెళ్ళాడు." హోటలు మరుగుదొడ్డి వైపు గడ్డం తిప్పాడు. "రెండున్నర గంటలు."

"రెండు," అన్నాడు కలెర్వో.

"రెండున్నర," అంది ఆయిలి. "నేను తలుపు కొడితే, నాకు టైమైపోయింది ఆయిలీ, నాన్నకి వచ్చిన పేగుల జబ్బే నాకూ వచ్చింది, రేయినోని పిలు అన్నాడు."

"అప్పటికి మాకు మాటల్లేక పదకొండేళ్ళు," అన్నాడు రేయినో. "నాన్న పడవ విషయంలో. ఓ తుఫాను రాత్రి అది తాడు ఊడి కొట్టుకుపోయింది. నువ్వు కట్టలేదంటే నువ్వు కట్టలేదని పోట్లాడుకున్నాం. ఆయిలి ఫోన్ చేస్తే మంచుబండి వేసుకుని వచ్చాను. తలుపు ఇవతల కూర్చున్నాను. ఇతను అవతల ఏడుస్తున్నాడు. తాడు నేనే సరిగ్గా కట్టలేదు, క్షమించరా, నన్ను నాన్న పక్కనే పూడ్చండి అన్నాడు."

కలెర్వో కిటికీ బయట పెట్రోలు పోయించుకుంటున్న కారుని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"బల్ల మీద ఖాళీ పొట్లం ఉంటే దాని వెనక ఉన్నది ఆయిలి గట్టిగా చదివింది," అన్నాడు రేయినో. "అతిగా తింటే విరేచనాలు అవుతాయని. తలుపు వెనక ఏడుపు ఆగిపోయింది. కాసేపటికి, నీళ్ళ చప్పుడు. మర్నాడు నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, అన్నీ చూశారు, ఏ జబ్బూ లేదన్నారు. ఓట్స్ జావ కూడా ఆయిలి చేసి పెట్టిందే. నువ్వు మంగళవారం తప్పకుండా వెళ్ళమ్మా. ఈలోపు ఇవి నాలుగు రోజులు మాని చూడు. డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పు."

రేయినో అంత మాట్లాడడం ఆ హోటల్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. మెర్వి తలూపింది. చేతిలోని డబ్బాని సంచీ అడుగుకి తోసేసింది.

"జబ్బులో అన్న మాటలు చెల్లవు," అన్నాడు కలెర్వో కిటికీ వైపే చూస్తూ. "ఆ తాడు సంగతి. ఒంట్లో నీళ్ళు లేక ఏదో అన్నాను."

"ఇంతకీ తాడు ఎవరు కట్టలేదు?" అంది మెర్వి.

"నేనే," అన్నాడు రేయినో. "ముందురోజు సాయంత్రం వలలు తియ్యడానికి పడవ తీసుకెళ్ళాను. వచ్చాక చేతులు కొంకర్లు పోయి, ఒక్క చుట్టు చుట్టి ఇంటికెళ్ళిపోయాను."

కలెర్వో తల తిప్పాడు.

"మరి నేను అంతసేపు తలుపు వెనక నుంచి క్షమించమంటుంటే చెప్పలేదేం?"

"పదకొండేళ్ళ తర్వాత మా అన్న నాతో మాట్లాడుతున్నాడు," అన్నాడు రేయినో. "మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

కలెర్వో నోరు తెరిచాడు. ఆయిలి కాఫీ కూజా పట్టుకుని ఆగింది. మెర్వి కూడా బస్సు టైము మర్చిపోయి ఎదురుచూసింది. అతను మళ్ళీ నోరు మూసుకుని, తమ్ముడి ఖాళీ కప్పు ఆయిలి వైపు జరిపాడు.