కూర్చోలేనివారి నొప్పిని వెతికిన కళ్ళు

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, మా ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరిన మా డాక్టరుగారు ఈ నెలాఖరున అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఆమెకు చూపించిన గదికి కిటికీ లేదు. ఫిల్ములు చూసే గదికి వెలుతురు శత్రువన్నారు. గోడకు దీపపు పెట్టె, దాని ముందు ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో కుర్చీకి చోటున్నా ఎవరూ వేయలేదు, ఆమె అడగలేదు. అడగడం ఆమె స్వభావంలోనే లేదని సహోద్యోగులు గ్రహించడానికి ఏళ్ళు పట్టింది. ఆలోగా ఆమెకు గర్విష్ఠి అన్న పేరు స్థిరపడిపోయింది.

తొలి దశకమంతా ఆమె విరిగిన ఎముకలను, నిమ్ము పట్టిన ఊపిరితిత్తులను, మూత్రపిండాల్లోని రాళ్ళను చూశారు. మనుషుల లోపలి భాగాలు ఆమెకు కంఠతా వచ్చాయి గాని, మనుషుల ముఖాలతో మాత్రం పరిచయం తక్కువ. రోగికి శస్త్రచికిత్స చేసిన వైద్యుడు గుర్తుంటాడు, సూది వేసిన నర్సు గుర్తుంటుంది. జబ్బు ఎక్కడుందో చీకట్లో కూర్చుని కనిపెట్టిన వైద్యురాలు గుర్తుండరు. ఆమె దాన్ని కొరతగా ఎన్నడూ చెప్పుకోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తే అక్క ఉండేది. భర్త పోయాక కూతురిని తీసుకుని చెల్లెలి దగ్గరకు వచ్చేసిన ఆ అక్క వాగుడుకాయ. చెల్లెలు మాట్లాడవలసిన మాటలన్నీ కూడా తానే మాట్లాడేసేది.

ఎమ్మారై యంత్రం మా ఆసుపత్రికి వచ్చిన కొత్తలో ఆమె ఒక సంగతి గమనించారు. తన గదిలోంచి యంత్రం గదికి వెళ్ళే నడవాలో కుర్చీలు ఖాళీగా ఉన్నా కొందరు గోడకు ఆనుకుని నిలబడే ఉంటారు. ఒకరోజు ఒక పెద్దావిడతో, "కూర్చోండమ్మా, చాలా సేపు పడుతుంది" అన్నారు. "కూర్చోగలిగితే ఇక్కడికెందుకు వస్తానమ్మా?" అని జవాబొచ్చింది. ఆమె గదిలోకి వెళ్ళి ఆవిడ పాత రిపోర్టులు తీసి చూశారు. నడుము సక్రమం, గర్భసంచి సక్రమం, మూత్రకోశం సక్రమం. ఒంట్లో అన్నీ సక్రమంగా ఉన్న మనిషి ఎందుకు కూర్చోలేకపోతున్నదో ఆ రిపోర్టుల్లో ఏదీ చెప్పలేదు.

నాటి నుండి ఆమె అన్వేషణ మొదలైంది. కటిప్రదేశపు అడుగుభాగానికి స్పర్శనిచ్చే నాడి ఒకటుంది. పిరుదుల లోతుల్లో, ఎముకలను కట్టి ఉంచే రెండు గట్టి లిగమెంట్ల మధ్య ఇరుకు సందులోంచి దూరి వస్తుంది. అది నలిగితే మనిషికి కూర్చోవడమంటే నిప్పుల మీద కూర్చోవడమే. దారప్పోగంత సన్నని ఆ నాడి మామూలు చిత్రాల్లో ఆనవాలుకు కూడా దొరకదు. పలుచటి పొరలుగా, చిత్రంలో తెల్లగా మెరిసే కొవ్వు వెలుగును అణచి, కుడి ఎడమలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతిని ఆమె దూరదేశపు నిపుణుల వ్యాసాలు చదివి నేర్చుకున్నారు. ఆరోగ్యవంతులలో ఆ నాడి ఎలా ఉంటుందో తెలియనిదే జబ్బుపడ్డ నాడి తెలియదని, వేరే కారణాలకు తీసిన చిత్రాల్లో ఏళ్ళ తరబడి దాన్నే వెతికి చూసుకున్నారు. క్యాంటీన్‌లో ఆమెకు 'దారప్పోగు డాక్టరు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవిన పడింది. మర్నాటి నుండి భోజనం డబ్బా తన గదిలోనే విప్పుకోవడం మొదలుపెట్టారు.

కొన్నేళ్ళకు అక్క కూతురు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ తరువాత అక్క గుండెజబ్బుతో కన్నుమూసింది. ఆమె నాలుగో రోజుకే విధుల్లోకి వచ్చారు. పలకరించబోయిన వారికి "పని ఉంది" అన్నది ఒక్కటే సమాధానం. ఆ ఏడాది ఆమె నోట రిపోర్టుకు సంబంధించని మాట విన్నవారు మా విభాగంలో లేరు.

ఆ ఏడాది చివరనే వచ్చింది ఆ దర్జీ ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. కుట్టుమిషను కింద ఎత్తు బల్ల వేయించి, మోటారు బిగించి, నిలబడే బట్టలు కుట్టుకుంటున్న మనిషి. నిలబడే తింటుంది, బస్సులో నిలబడే వస్తుంది. భర్త చెడ్డవాడేమీ కాదు, విసిగిపోయినవాడు. "ఇంతమంది డాక్టర్లు ఏం లేదంటుంటే ఇంకేం చూపించమంటావే?" అని నడవాలోనే అన్నాడు. ఆవిడ తన చీటీ డాక్టరుగారికి అందించింది. స్త్రీల వైద్యురాలు, ఎముకల వైద్యుడు, మూత్రపిండాల వైద్యుడు, అందరూ అయ్యాక ఇక మిగిలింది మానసిక వైద్యుడని చీటీలో రాసి ఉంది.

యంత్రంలోకి పంపాక కొంతసేపటికి ఆవిడ చేతిలోని రబ్బరు బంతి నొక్కింది. అది ప్రమాదం వస్తే నొక్కమని ఇచ్చే బంతి. అద్దం ఇవతల ఉన్న డాక్టరుగారు కంగారుగా మైకు అందుకున్నారు.

"ఏమైందమ్మా? ఊపిరాడటం లేదా?"

"అదేం లేదండీ. అక్కడెవరన్నా ఉన్నారో లేదోనని."

"ఉన్నాను."

"మరి కాస్త మాట్లాడుతూ ఉండండి. ఈ గొట్టంలో నేనొక్కదాన్నే అయిపోయినట్టుంది."

"మీరు బదులిస్తే కదులుతారు. కదిలితే బొమ్మ చెడిపోతుంది."

"నేను నోరు మెదపను. మీరే చెప్పండి, ఏదో ఒకటి."

ఏం చెప్పాలి? మాటలు కూడబెట్టుకునే అలవాటు లేని మనిషి. యంత్రం మోత ఆగిన ప్రతిసారీ మైకు నొక్కి, తోచింది చెప్పసాగారు. మొదట యంత్రం ఎందుకంత చప్పుడు చేస్తుందో చెప్పారు. తరువాత ఆరోజు వాన గురించి చెప్పారు. ఆపైన అక్క గురించి మొదలుపెట్టారు. అక్క రేడియోలో వార్తలు చదివేవారితో వాదించేదని, ఇంటి తాళం ఎప్పుడూ పోగొట్టుకునేదని, ఇప్పటికీ తాను రెండు కప్పుల కాఫీకి సరిపడా నీళ్ళు పోసి, సగం తిరిగి వంచేస్తున్నానని. పక్కనున్న టెక్నీషియన్ అమ్మాయి తల వంచుకుని తెరవైపే చూస్తూ కూర్చుంది. ఆ ఏడాదిలో డాక్టరుగారు అక్క పేరెత్తడం అదే మొదలు. వింటున్న మనిషి మాట ఇచ్చినట్టే కదల్లేదు.

బొమ్మలు అద్దంలా వచ్చాయి. కుడివైపు నాడి సన్నగా, తిన్నగా సాగిపోయింది. ఎడమవైపు, సరిగ్గా ఆవిడ నొప్పి చెప్పే వైపే, లిగమెంట్ల సందులో ఉబ్బి, పక్కనున్న కండకన్నా తెల్లగా మెరుస్తూ ఉంది.

వారాంతపు వైద్యుల సమావేశంలో ఆ బొమ్మ పెట్టినప్పుడు సీనియర్ సర్జనుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వెంట్రుకవాసి తేడా చూపించి నన్ను కత్తి పట్టమంటారా డాక్టరుగారూ?"

"కత్తి పట్టమనలేదండీ. బొమ్మ ఒక్కదాన్నే నమ్మమని కూడా అనను. ముందు ఆ చోట మత్తుమందు పెట్టి చూద్దాం. నొప్పి ఆగితే నాడిదే తప్పు. ఆగకపోతే నాదే తప్పు."

"ఆగకపోతే ఆవిణ్ణి మానసిక వైద్యానికి పంపేస్తాం. సమ్మతమేనా?"

ఆమె తెర మీది బొమ్మను మరోసారి చూశారు. తన పొరపాటు తనతో పోయేది కాదు, ఆ మనిషి మెడకు చుట్టుకుంటుంది. "పంపండి. కానీ నొప్పి లేదని మాత్రం రాయకండి" అన్నారు.

స్కానింగు సాయంతో చూసుకుంటూ, ఆమే స్వయంగా సన్నని సూదితో నాడి పక్కన మందు పెట్టారు. దర్జీ ఆవిడ లేచి నడవాలోకి వచ్చింది. కొంతసేపు అలవాటుగా గోడ దగ్గరే నిలబడింది. తరువాత ఒక కుర్చీని చేత్తో తడిమి చూసి, అంచున ఆనింది. ఆపై వెనక్కి జరిగి పూర్తిగా కూర్చుంది. భర్త ఎదురుగా నిలబడిపోయాడు. "కూర్చున్నావేంటే?" అన్నాడు, తప్పు చేసినట్టు నీరసంగా. "నువ్వూ కూర్చో" అందావిడ. మందు ప్రభావం పోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. లేచి వెళ్ళమని చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

శస్త్రచికిత్స ఆ సర్జనుగారే చేశారు. అద్భుతమేమీ జరగలేదు. నాడి కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది, నొప్పి పూర్తిగా పోనూ లేదు. కానీ ఆవిడ ఇప్పుడు ఒక చొక్కా కుట్టేంతసేపు కూర్చుంటుంది. భోజనం కూర్చుని చేస్తుంది.

కథ అక్కడితో ముగిస్తే డాక్టరుగారు మమ్మల్ని క్షమించరు. దర్జీ ఆవిడ తరువాత వచ్చినవారిలో చాలామందికి ఆ బొమ్మల్లో ఏమీ కనబడలేదు. అలా వచ్చిన ఒక గుమాస్తా, సౌమ్యుడు, రిపోర్టు చేతబట్టుకుని ఆమె గది గుమ్మంలో నిలబడి, "అయితే నాకేమీ లేదన్నమాట" అన్నాడు. "నాకు కనబడలేదు. లేదని కాదు. ఈ యంత్రం చూపు ఇంతవరకే" అన్నారామె. అతడు దండం పెట్టి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆ మాట చెప్పిన తీరులో ఏదైనా లోపముందా అని ఆమె చాలాకాలం మథనపడ్డారు. ఆనాటి నుండి మా విభాగపు రిపోర్టుల్లో 'సక్రమం' అన్న ఒక్క మాటతో విషయం ముగియదు; చిత్రంలో కారణం కనబడనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదన్న వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. పెద్ద పెద్ద పరిశోధనల పక్కన ఇది చిన్న వాక్యమే. దాన్ని చదువుకుని ఇంటికి వెళ్ళిన వారికి అది చిన్నది కాదు.

విభాగాధిపతి అయ్యాక ఆమె చేసిన మొదటి పని, చిత్రం తీసేముందు వైద్యులు రోగి పక్కన నిలబడి, నొప్పి ఎక్కడుందో వారి నోటే వినాలన్న నియమం పెట్టడం. 'దారప్పోగు డాక్టరు' అని పేరు పెట్టినవారే తరువాతి కాలంలో తమ రోగులను ఆమె దగ్గరకు పంపారు. ఆమె ఆ పేరు మరిచిపోలేదు, మనసులోనూ పెట్టుకోలేదు. భోజనం మాత్రం గదిలోనే సాగింది. పిలిచినప్పుడు "అలవాటైపోయిందండీ" అని నవ్వేవారు.

మొన్నామధ్య అక్క కూతురు వచ్చి, "పిన్నీ, మా ఊరొచ్చెయ్" అని బతిమాలింది.

"అక్కడ నాకెవరూ తెలియరే."

"ఇక్కడ మాత్రం ఎవరు తెలుసు నీకు?"

ఆమె కాస్త ఆలోచించారు. "ఎవరూ తెలియకపోవడం ఇక్కడైతే అలవాటైంది" అన్నారు. పిన్నీ కూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆ అమ్మాయి చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదని, ఆ సమయంలో గదిలోకి ఫైలు పట్టుకెళ్ళినవారు చెప్పారు.

సలహాదారుగా కొనసాగమని యాజమాన్యం కోరితే ఆమె సవినయంగా వద్దన్నారు. మరేం చేస్తారని అడిగితే, "పొద్దున్న కాఫీ తాగాక ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. ముందు అది కనుక్కోవాలి" అన్నారు.

ఆ ఉదయాలు ఆమెకు సంపూర్ణ ఆరోగ్యంతో, తగ్గని కంటిచూపుతో, దీర్ఘకాలం తెల్లవారాలని మా విభాగం యావత్తూ మనసారా కోరుకుంటోంది. ఎక్కడికి వెళ్ళాలో తోచని పూట ఆమె అడుగు మా వైపు పడుగాక. పడకపోతే, పిలుపు కోసం ఎదురుచూడకుండా మేమే వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టే బుద్ధి మాకు కలుగుగాక.