సత్తిరాజుగారి కోకో తోటలో హిమాలయాల పిట్ట

దెందులూరు దగ్గర హైవే దిగగానే వెంకటనరసమ్మగారి టీ కొట్టు. పొద్దున్నే అక్కడి బల్ల మీద సత్తిరాజుగారు కూర్చున్నారంటే మాకింక పేపరక్కర్లేదు. ఆ వేళ ఆయన మరీ హుషారుగా ఉన్నారు. మర్నాడు ఏలూరు నుంచి ఇందుజగారని కాలేజీ మేడం, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన కోకో తోటలో పిట్టని చూడ్డానికి వస్తున్నారు. పిలిచింది ఈయనే. పిట్ట కనబడకపోతే ఈయన పరువేమవుతుందోనని మాకే బెంగ, ఆయనకి లేదు.

"చెప్తే గొప్పలనుకుంటారు గానండి, మన మండలంలో దాన్ని ముందు చూసింది నేనే. చలి మొదలైన రోజులు, కొబ్బరిచెట్ల నీడన రాలిన కోకో ఆకుల్లో గలగలమంటోంది, పామనుకుని కర్ర తీశాను. చూద్దును కదా, గోరింకంత పిట్ట! తలా పొట్టా నారింజ రంగు, వీపు నీలి బూడిద. ఇంగ్లీషులో త్రష్ అంటారని ఇందుజగారు చెప్పారు. వేసవంతా హిమాలయాల కింద అడవుల్లో ఉండి, చలి పడగానే రాత్రిళ్ళు ఎగురుకుంటూ మన వైపు వచ్చేస్తుందట. ఎండుటాకు తిరగేసి, దాని కింద వానపాముల్నీ నత్తల్నీ తింటుంది. ఆకు లేని చోట అడుగు పెట్టదండి. మనిషి అలికిడైతే రాయిలా బిగుసుకుపోతుంది. నన్ను చూస్తే మాత్రం, ఆయ్, తలొంచి దండం పెడుతుంది."

"దండం దాకా బాగానే ఉందండి," అన్నాడు నాగదుర్గారావు. మండవల్లి నుంచి హౌరాకి చేపల లారీ తోలుతాడు.

"బాగుండక ఏంటోయ్? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఆవిడ అట్లు తిరగేసినట్టు ఒక్కో ఆకూ తిరగేసుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకి తోట తోటంతా తిరగేసేసింది, ఆ ఏడు నేను దుక్కి దున్నించనే లేదు. పైగా అది వేరే పిట్టల కూతలు కూడా పట్టేస్తుందండి, కావాలంటే మేడంగారినే అడగండి. మా తోటలో అది రోజూ వినేదేంటి? మోటారు మోత. అదే పట్టేసింది. మా ఆవిడ త్రీఫేజ్ కరెంటొచ్చిందనుకుని నీళ్ళకి మడవ కట్టడానికి పార పట్టుకుని పరిగెత్తింది. లైన్‌మన్ వచ్చి, 'లైను నేనే తీశాను కదండీ, మీ మోటారెలా తిరుగుతోంది?' అని తల గోక్కున్నాడు. అదీ ఒక లెక్కా! ఆ మోతకి బోరులో నీళ్ళు కూడా మోసపోయి పైకొచ్చేశాయండి!"

నవ్వుకి నా చేతిలో టీ ఒలికింది.

"నీళ్ళకి చెవులుంటాయాండీ?" అన్నాను.

"మా బోరు నీళ్ళకి ఉన్నాయి. సరే, ఉగాది దాటింది, మన ఎండ దానికి పడదు. తిరిగి వెళ్ళాలి. ఎలా వెళ్ళిందనుకున్నారు? మన నాగదుర్గారావు లారీలో, చేపల మీద ఐసులో కూర్చుని, చల్లగా!"

"నా లారీలోనా? నేనెప్పుడూ చూళ్ళేదండి!"

"నువ్వు ముందుకి చూసి తోలతావు, వెనకెవరెక్కారో నీకేం తెలుసు? హౌరాలో దిగి కొండకెళ్ళిపోయింది. మళ్ళీ చలికి వస్తూ, ఊరికే రాకూడదని నా కోసం ముక్కున ఇంత మంచు కరుచుకొచ్చింది. కుండలో వేశాను. ఆ వేసవంతా పెంటపాడు నుంచి చుట్టాలొచ్చి చల్లటి నీళ్ళు తాగి వెళ్ళారు. కుండ అడుగున ఇంకా కాస్త ఉంది. ఈ చలికీ వచ్చిందండి, అంత ప్రేమగల పిట్ట రేపు నా పరువు తీస్తుందా? నేనూ మర్యాదకి లోటు చెయ్యలేదు. మొన్న మనుషుల్ని పెట్టి తోటంతా ఊడిపించాను. కళ్ళాపి చల్లించి, ముగ్గులు పెట్టించాను. అద్దంలా ఉంది. వెతికినా ఒక్క ఎండుటాకు దొరకదండి!"

ఎవరూ నవ్వలేదు.

"ఏవండీ," అంది వెంకటనరసమ్మగారు మెల్లగా, "ఆకు లేని చోట అడుగు పెట్టదన్నారు కదండీ?"

సత్తిరాజుగారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. అన్నేళ్ళలో ఆయన మాటకి తడుముకోవడం మేం చూడ్డం అదే మొదటిసారి. పాపం అనిపించింది.

"మొన్నటి నుంచి కనబడ్డం లేదండి," అన్నారు చివరికి, చిన్న గొంతుతో. "ఎక్కడికో మేతకెళ్ళిందనుకున్నాను."

"ఆ ఆకులన్నీ ఎక్కడ పోయించారో గుర్తుందాండీ?"

"మీ కొట్టు వెనక గొయ్యి పూడ్చాలన్నారుగా. ట్రాక్టర్ మీద తోలించాను."

ఆవిడ వెనకవైపు గోనెపట్టా కొంచెం పక్కకి తీసి, రమ్మని సైగ చేసింది. తొంగి చూశాం. ఆకుల కుప్ప మీద నారింజ రంగు పిట్ట ఒకటి, ముక్కుతో ఆకు తిరగేస్తూ హాయిగా మేస్తోంది. సత్తిరాజుగారి మొహం వెలిగిపోయింది. ఆనందం పట్టలేక అడుగు ముందుకేశారు. పిట్ట రాయిలా బిగుసుకుపోయింది. దండం లేదు, ఏమీ లేదు.

"మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదండి దానికి," అన్నాడు నాగదుర్గారావు.

సత్తిరాజుగారు పిట్ట బెదురుతుందని ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. పిట్ట మళ్ళీ మేత మొదలెట్టాక వెంకటనరసమ్మగారు గోనెపట్టా దించేసింది.

"రేపు వాళ్ళని ఇక్కడికే తీసుకురండి. టీలు నేను పెడతాను, కోతలు మీరు కొయ్యండి. చీపురు మాత్రం ముట్టుకోకండి."