దుర్గయ్య ఏసిన వెండి రంగు

ఏంది సంతోషూ, బండి గేటుకాడ వెట్టి మొకం గట్ల ఏలాడేసినవ్? స్టీరింగ్ వణుకుతుందా? స్పీడ్ నలభై దాటంగనేనా? కూసో, కూసో, జర ఊపిరి తీసుకో. మెకానిక్ ఏమన్నడు, టైర్లు మార్చుమన్నడా? అంటడు, ఎందుకనడు. ఇప్పటోళ్లకు కంప్యూటర్ల చూస్తేగాని చక్రం గుండ్రంగున్నదో లేదో తెల్వది. అదే మా దుర్గయ్య ఉంటేనా... నీకు తెల్వది, నువ్వు పుట్టకముందే పోయిండు. అశోక్‌నగర్ల నాలా పక్కపొంటి రేకుల షెడ్డు ఉండె ఆయనది. ఇప్పుడు ఆడ కోచింగ్ సెంటర్ అయ్యింది, పిల్లలు పుస్తకాలు వట్టుకొని నిలవడ్తరు చూడు, గాడనే. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చినోడు, లారీల కింద పండి పండి మెకానిక్ అయిండు. బక్కపలచటి మనిషి, ఏ సందులనన్న జొర్రుతుండె. ఆయనకొక అలవాటు, బండి తెచ్చినోడు నోరు విప్పొద్దు. "నువ్వు చెప్పకు, బండి చెప్తది" అంటుండె. చెప్పినవనుకో, పానా కింద వెట్టి సీదా హోటల్‌కు పోతుండె చాయ్ తాగనీకి. నా నోరు ఊకుండదు, నీకు ఎర్కనే గదా. నావల్ల ఒక్క పూటల ఐదు చాయ్‌లు తాగిండు పాపం, రాత్రంత నిద్ర పట్టలేదని మరునాడు నన్నే తిట్టిండు.

ఏం చెప్తున్న... ఆ, వణుకుడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. బర్కత్‌పుర ధర్మారావు సేఠ్ లారీ నడుపుతుంటి. నాలుగు లారీలుండె ఆయనకు. మీ స్వర్ణత్త ఆయన సొంత చెల్లె బిడ్డ. నాకు స్వర్ణకు సంబంధం ఖాయమయ్యింది, పెండ్లి పదకొండు దినాలున్నది. ఇగ చూడు నా హుషారు, రోడ్డు మీద ఎడ్లబండి ఎదురొచ్చినా హారన్ కొట్టి సలాం చేస్తుంటి. గా టైంల మొదలువెట్టింది లారీ వణుకుడు. ఒకనాడు పొద్దున సేఠ్ వచ్చి నా పక్కన కూసున్నడు. నారాయణగూడ చౌరస్తా దాటి జర స్పీడ్ అందుకోంగనే నా రెండు చేతులు దడదడ దడదడ. సేఠ్ స్టీరింగ్ దిక్కు చూడలే, నా చేతుల దిక్కు చూసిండు. పొద్దుపొద్దున్నే ఏసినవా అని అడిగిండు. నాకు నవ్వొచ్చింది. నవ్విన. అరె, ఆయనకు ఇంకింత నమ్మకం కుదిరింది, తాగినోడే గట్ల నవ్వుతడని. సీదా చెల్లె ఇంటికి పోయి చెప్పిండు, తాగుబోతుకు పిల్లనియ్యొద్దని. రేపు పొద్దుగూకేలోపు తప్పు బండిదే అని చూపెడితే సరి, లేకపోతే పిల్ల లేదు, నౌకరీ లేదు అని నాకు కబురు వెట్టిండు. నవ్వుతున్నవా? నవ్వు, నవ్వు.

మరునాడు పొద్దున్నే దుర్గయ్య కాళ్లు మొక్కినంత పని చేసిన. ఏమన్నడనుకున్నవ్? సేఠ్‌ను తీసుకరా, ఆయననే నడపమను అన్నడు. సేఠ్ సేఠ్ కాకముందు డ్రైవరే గదా. వచ్చిండు, తెల్లటి ధోతి, బంగారు కండ్లద్దాలు, కోపం మీదున్నడు. ధోతి ఎగ్గట్టి కూసున్నడు స్టీరింగ్ ముందట, పక్కన దుర్గయ్య, ఇవతల నేను. చిక్కడపల్లి రోడ్డు అప్పుడు ఖాళీగ ఉంటుండె, ఇప్పటి లెక్క కాదు. దుర్గయ్య జర తొక్కు సేఠ్, ఇంక జర తొక్కు సేఠ్ అనుకుంట పోతుండు. నలభై దాటిందో లేదో, ఇగ చూస్కో నా సామిరంగ, సేఠ్ చెంపలు గలగల ఊగుతున్నయి, కండ్లద్దాలు ముక్కు మీదికెల్లి మూతి మీదికొచ్చినయి, ఆపు అందామంటే మాట ముక్కలు ముక్కలు అయితుంది, ఆ... ఆ... ఆ... అంటుండు. దుర్గయ్య మొకంల ఏమీ లేదు. మెల్లగ అడిగిండు, "మీరు గూడ పొద్దున్నే ఏసిన్రా సేఠ్?" నేను నవ్వద్దని పండ్లు బిగవట్టిన, ఆగలే. డోరుకు తలకాయ ఆనిచ్చుకొని నవ్విన, కండ్లల్ల నీళ్లొచ్చినయి. సేఠ్ గూడ నవ్విండు. పిల్ల నాదే, పో, అనుకున్న.

షెడ్డుకాడికి వచ్చినం. ఇది నువ్వు గూడ ఇను, నీకు పనికొస్తది. ముంగటి చక్రం జాకీ మీద లేపిండు. పక్కల రెండు చేతులు వట్టి ఊపిండు, సప్పుడు లేదు. స్టీరింగ్ రాడ్ల కీళ్లు బాగున్నయన్నట్టు. మళ్ల పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వట్టి ఊపిండు, టక్ టక్. నన్ను బ్రేకు తొక్కుమన్నడు. తొక్కితే సప్పుడు బందైతే బేరింగు లూజు, బంద్ గాకపోతే కింగ్ పిన్ను అరిగినట్టు. అంటే చక్రం పక్కకు మలిగేకాడ నిలువుగుంటది చూడు లావు పిన్ను, అది. బ్రేకు తొక్కినా గూడ టక్ టక్. గట్టి పిన్ను ఇంత జల్ది ఎట్ల అరిగిందని కిందికి జొర్రిండు, గ్రీసు కొట్టే మూతిని గోరుతోని గీకిండు. గోరంత వెండి రంగు.

అది నేనేసిందే. దసరాకు బండి పూజ ఉంటది గదా, అందరి లారీలకంటే నాది మెరవాలెనని ముంగటి ఇరుసుకు రెండు పూతలు వెండి రంగేసిన. పసుపు, కుంకుమ, బంతిపూలు, ఏమున్నదనుకున్నవ్, పెండ్లికొడుకు లెక్క చేసిన. గ్రీసు మూతులన్ని రంగు కింద మూసుకపోయినయి. గన్నుతోని కొడితే గ్రీసు బయటికెల్లి కారేది, లోపల నిండిందనుకుంటి. ఆర్నెల్లు ఎండి ఎండి పిన్ను తిన్నది. సేఠ్ ఒంగి చూసి, ఎవడేసిండు గీ రంగు అన్నడు. నా నోరు వడిపోయింది. జిందగీల అదొక్కసారే. దుర్గయ్య లారీ కిందికెల్లి నా దిక్కు చూస్తుండు. ఆ ఒక్కసారి నేను మాట్లాడాలెనని చూసిండు కావచ్చు. ఆఖరికి ఆయననే, "నేనే సేఠ్, పండుగ తొందరల చూసుకోలే" అన్నడు.

నాలుగు లారీలు ఇంకో షెడ్డుకు మలిపిండు సేఠ్. డ్రైవర్లు ఊకుంటరా, దుర్గన్నా మా బండికి గూడ రంగేస్తవా అని దారివొంటి అడుగుడే. ఆయన నవ్వుకుంట పనిల వడుతుండె. ఎందుకు గట్లన్నవని నేనడిగితే, "సేఠ్ పోతే ఇంకో సేఠ్ వస్తడు, స్వర్ణ పోతే ఎవలొస్తర్రా నీ మొకానికి?" అన్నడు. మా బారాత్‌ల చెప్పులిడిచి ఎగిరిండు. పెండ్లయినంక చెప్దామనుకున్న సేఠ్‌కు. తర్వాత పాప పుట్టినంక అనుకున్న. సేఠ్ పోయిండు, ఆయన ఎనుక దుర్గయ్య పోయిండు. స్వర్ణకు ఇప్పటికి తెల్వది. నాకు సిగ్గు, సంతోషూ, ఇంకేం లేదు. పోయిన నెల బాగ్ లింగంపల్లిల దుర్గయ్య కొడుకు జైపాల్ కనవడ్డడు, పక్కన ఆయన మనుమడు. మా నాయిన అంత మెకానిక్ ఈ పట్నంల లేకుండె, జిందగీల ఒక్కటే తప్పు చేసిండు, గ్రీసు మూతుల మీద రంగేసిండు, కావాల్నంటే విఠలన్నను అడుగు అని నన్ను చూపెట్టి ఆ పిలగానికి నవ్వుకుంట చెప్తుండు. పిలగాడు నా దిక్కు చూసిండు. అవు బిడ్డా, ఏసిండు, అన్న నేను.

...ఆ బండి జర పక్కకు వెట్టు, నీళ్ల ట్యాంకర్ వచ్చే టైమయ్యింది.